7-జిప్, విన్‌రార్ అప్‌డేట్ చేయడం ఎలా? పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడం ఎలా?

"అన్నా, విన్‌రార్‌లో ఏదో బొక్క ఉండాదంట, తీసేయాల్నా?"

తిరుపతిలో సిస్టమ్‌లు బాగుచేసే నా కొట్టుకు వచ్చేవాళ్లలో ఈ మాట అడగనివాళ్లు తక్కువ. ఆడిటర్ ఆఫీసులో కూర్చునే అమ్మాయి అడిగింది, కొర్లగుంటలో డీటీపీ నడిపే పెద్దాయన అడిగాడు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాళ్లు అడిగారు. ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి ఒకేసారి రాస్తున్నాను.

తీసేయనక్కర్లేదు, అప్‌డేట్ చేస్తే చాలు. అయితే చేయాల్సింది మీరే. క్రోమ్ తనంతట తనే మారిపోతుంది. విండోస్ అయితే మనం సేవ్ చేయని ఫైలును కూడా ముంచేసి మరీ రాత్రికి రాత్రే మారిపోతుంది. జిప్, రార్ ఫైళ్లను విప్పే 7-జిప్, విన్‌రార్ ప్రోగ్రామ్‌లు అలా కావు. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏ వెర్షన్ ఉందో, మీరు చేయి పెట్టేదాకా అదే ఉంటుంది. అందుకే 2010లో వచ్చిన 7-జిప్ 9.20 ఇప్పటికీ నా టేబుల్ మీదకు వస్తూనే ఉంటుంది.

అసలు గొడవేంటో నాలుగు ముక్కల్లో చెప్తాను. మనం "ఇక్కడ విప్పు" అని ఒక ఫోల్డర్ చూపిస్తే, దొంగ ఫైలు దాన్ని దాటి ఇంకోచోట పడుతుంది. విన్‌రార్‌లో 2025లో బయటపడిన లోపం ఇదే. దీంతో దొంగ ఫైలు నేరుగా విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో కూర్చోగలదు, అంటే మరుసటి రోజు సిస్టమ్ ఆన్ చేసి లాగిన్ కాగానే అదే నడుస్తుంది. ఈ దాడిని కనిపెట్టింది ఈసెట్ అనే యాంటీవైరస్ కంపెనీ పరిశోధకులు. ఆ ఫైళ్లు ఉద్యోగం కోసం పంపిన రెజ్యూమేల వేషంలో వచ్చాయి. 2025 జులై 30న వచ్చిన 7.13 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. 7-జిప్‌లోనూ అదే జాతి లోపాలు ఉండేవి. ఆర్కైవ్ (జిప్, రార్ లాంటి కట్ట ఫైలు) లోపల ఉండే సింబాలిక్ లింకులను, అంటే ఇంకోచోటికి దారి చూపే లింకులను, అది సరిగ్గా పట్టుకోలేకపోయేది. 2025 జులైలో 25.00, ఆగస్టులో 25.01 వచ్చి వాటిని కట్టేశాయి.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు అంకెలు. 7-జిప్ కనీసం 25.01, విన్‌రార్ కనీసం 7.13. అంతకన్నా పెద్దది దొరికితే అదే వేసుకోండి.

కావలసినవి

- అడ్మిన్ పాస్‌వర్డ్. ఆఫీసు సిస్టమ్ అయితే ముందే అడిగి పెట్టుకోండి. మధ్యలో ఆగిపోయి ఫోన్లు చేయడం కన్నా అది మేలు.
- ఒక్కో సిస్టమ్‌కు పావుగంట. ఇన్‌స్టాల్‌కు నిమిషం కూడా పట్టదు, మిగతాదంతా పాత కాపీలు వెతకడానికే.
- ఇంటర్నెట్. ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. 7-జిప్ ఫైలు రెండు ఎంబీ కూడా ఉండదు.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, నాలుగు సిస్టమ్‌లు దాటితే ఏది చేశామో ఏది చేయలేదో గుర్తుండదు.

మీ పాత జిప్, రార్ ఫైళ్లకు ఏమీ కాదు. వాటి పాస్‌వర్డ్‌లు కూడా మారవు. మారేది విప్పే ప్రోగ్రామ్ మాత్రమే.

1. ఇప్పుడున్న వెర్షన్ చూడండి

స్టార్ట్ మెనూలో 7-జిప్ ఫైల్ మేనేజర్ తెరిచి హెల్ప్, అందులో అబౌట్ 7-జిప్ నొక్కండి. విన్‌రార్‌లోనూ అంతే, హెల్ప్, అబౌట్ విన్‌రార్.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. "నాది 7 వెర్షన్ సామీ, కొత్తదే" అని ఒకాయన ఫోన్‌లో గట్టిగా వాదించాడు. ఆయన చూసింది 7-జిప్ పేరులో ఉన్న 7. అది పేరు, వెర్షన్ కాదు. ఆయన వెర్షన్ 19.00, అంటే 2019 నాటిది. ఈ మధ్య కాలపు 7-జిప్‌లలో చుక్కకు ముందున్న అంకె వచ్చిన ఏడాదిని చెప్తుంది. 24 అంటే 2024, 25 అంటే 2025. విన్‌రార్‌కు ఈ లెక్క వర్తించదు, దానికి నేరుగా 7.13తో పోల్చుకోండి.

చూసిన అంకెను కాగితం మీద రాయండి.

2. మీ విండోస్ 64 బిట్టా, 32 బిట్టా?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే సిస్టమ్ టైప్ అని ఉంటుంది. ఇప్పటి సిస్టమ్‌లు దాదాపు అన్నీ 64 బిట్. పాత డీటీపీ సిస్టమ్‌లలో మాత్రం 32 బిట్ విండోస్ ఇంకా కనిపిస్తుంది. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ 7-జిప్ వేసినా పనిచేస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. చిక్కంతా అక్కడే. పాత 32 బిట్‌ది ఒక ఫోల్డర్‌లో, కొత్త 64 బిట్‌ది ఇంకో ఫోల్డర్‌లో, రెండూ పక్కపక్కనే బతుకుతుంటాయి.

3. డౌన్‌లోడ్ ఎక్కడి నుంచి?

7-జిప్‌కు అసలు సైటు చిరునామాలో 7కీ జిప్‌కీ మధ్య హైఫన్ ఉంటుంది, చివర డాట్ ఆర్గ్ ఉంటుంది. హైఫన్ లేకపోయినా, చివర డాట్ కామ్ ఉన్నా వెనక్కి వచ్చేయండి. విన్‌రార్ అయితే రార్‌ల్యాబ్ డాట్ కామ్.

గూగుల్‌లో వెతికి పైన వచ్చిన మొదటి లింకు నొక్కకండి. అది చాలాసార్లు ప్రకటన అయి ఉంటుంది. చిరునామాను చేత్తో టైపు చేయండి. "ఫుల్ వెర్షన్", "క్రాక్ ఉంది", "కీ లోపలే ఉంది" అంటూ పెన్‌డ్రైవ్‌లో తిరిగే విన్‌రార్‌ల జోలికి అసలు పోవద్దు. భద్రత కోసం చేసే పనిలో దొంగ సరుకు వేస్తే ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే. డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే 7-జిప్ వేసుకోండి. ఇగోర్ పావ్లోవ్ అనే ఆయన 1999 నుంచి ఉచితంగానే ఇస్తున్నాడు. అది రార్ ఫైళ్లను విప్పుతుంది. కొత్తగా రార్ తయారు చేయడం మాత్రం దానికి రాదు, ఆ పని విన్‌రార్‌దే.

4. ఇన్‌స్టాల్ చేయండి

పాతదాన్ని ముందుగా తీసేయాల్సిన పని లేదు. తెరిచి ఉన్న 7-జిప్, విన్‌రార్ విండోలు మూసేసి, కొత్తది నేరుగా పాతదాని మీదే వేయండి. విన్‌రార్ కొనుక్కున్నవాళ్ల లైసెన్స్ అలాగే ఉంటుంది.

7-జిప్ ఇన్‌స్టాలర్ తెరవగానే విండోస్ పసుపు రంగు పట్టీతో "పబ్లిషర్ అన్‌నోన్" అని అడుగుతుంది. ఇది చూసి భయపడి క్యాన్సిల్ కొట్టేవాళ్లు చాలామంది. అసలు 7-జిప్‌కే డిజిటల్ సంతకం (తయారుచేసింది ఎవరో చెప్పే ముద్ర) ఉండదు, కాబట్టి ఆ హెచ్చరిక మామూలే. అయితే అదే హెచ్చరిక దొంగ ఇన్‌స్టాలర్‌కూ వస్తుంది కదా! అందుకే మూడో మెట్టు అంత గట్టిగా చెప్పాను. ఇంకో గుర్తు కూడా ఉంది. అసలు 7-జిప్ ఇన్‌స్టాలర్‌లో ఒక ఫోల్డర్ పేరు, ఇన్‌స్టాల్ బటన్, అంతే ఉంటాయి. నెక్స్ట్, నెక్స్ట్ అంటూ బ్రౌజర్ టూల్‌బార్లు అంటగడుతుంటే అది 7-జిప్ కాదు.

విన్‌రార్ సంగతి వేరు. దానికి సంతకం ఉంటుంది, పబ్లిషర్ దగ్గర విన్ డాట్ రార్ జీఎంబీహెచ్ అని కనిపించాలి. విన్‌రార్ ఇన్‌స్టాలర్‌కు అన్‌నోన్ అని వచ్చిందంటే అక్కడే ఆపేసి ఫైలు డిలీట్ చేయండి.

అయ్యాక సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. రైట్ క్లిక్ మెనూలో కనిపించే భాగం అప్పటికే విండోస్ చేతిలో తెరిచి ఉంటుంది. రీస్టార్ట్ చేసేదాకా పాత ముక్కే నడుస్తూ ఉండొచ్చు.

5. పాత కాపీలు వెతకండి

అందరూ వదిలేసే మెట్టు ఇదే, నేనూ ఒకసారి వదిలేశాను. ఒక స్టూడియోలో మూడు సిస్టమ్‌లకు విన్‌రార్ అప్‌డేట్ చేసి, అబౌట్‌లో అంకె చూసి, డబ్బులు తీసుకుని వచ్చేశాను. రెండు వారాలకు వేరే పని మీద పోయాను. అక్కడి కుర్రాడు రార్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకున్న విండో రూపం తేడాగా అనిపించింది. చూస్తే డీ డ్రైవ్‌లో "సాఫ్ట్‌వేర్స్" ఫోల్డర్ లోపల ఎవరో ఎప్పుడో కాపీ చేసి పెట్టిన విన్‌రార్ 5.50. సీ డ్రైవ్‌లో కొత్తది ఉంది, కానీ ఆ కుర్రాడి లాగిన్‌లో రార్ ఫైళ్లన్నీ ఆ పాతదానితో తెరిచేలా కట్టి ఉన్నాయి. అంటే నేను చేసిన అప్‌డేట్ ఆ రెండు వారాలూ ఎవరికీ పనికిరాలేదు. ఆ రోజు తీసుకున్న డబ్బులు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

5.50 అంటే ఎంత ప్రమాదమో తెలియాలంటే ఇది వినండి. 5.70కి ముందు వెర్షన్‌లలో ఏస్ అనే పాత రకం ఆర్కైవ్‌లను విప్పే ఒక చిన్న సహాయక ఫైలు (డీఎల్‌ఎల్) ఉండేది. అందులో 19 ఏళ్లుగా ఎవరూ గమనించని లోపం ఉందని 2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రత సంస్థ బయటపెట్టింది. విన్‌రార్ వాళ్లు ఏస్ సదుపాయాన్నే పీకేశారు.

వెతికే పద్ధతి:

- ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దిస్ పీసీ మీద నిలబడి, పైన సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో విన్‌రార్ అని కొట్టండి. తర్వాత 7జిప్ ఒకసారి, 7జెడ్ ఒకసారి. పెద్ద హార్డ్ డిస్క్ అయితే టీ తాగి రావచ్చు.
- దొరికిన ప్రతి ప్రోగ్రామ్ ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. అక్కడ ఫైల్ వెర్షన్ ఉంటుంది.
- ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌తోపాటు పక్కనే చివర ఎక్స్86 అని ఉండే ఇంకో ఫోల్డర్ కూడా చూడండి. పాత 32 బిట్ కాపీ దాక్కునేది అందులోనే.
- సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో 7-జిప్ రెండుసార్లు కనిపిస్తే చిన్న అంకె ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఒకసారి ఎంఎస్ఐ ఫైలుతో, ఇంకోసారి ఈఎక్స్ఈతో ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు ఇలా జరుగుతుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంటే పాతదాన్ని తీసేటప్పుడు కొత్త ఫైళ్లు కూడా పోవచ్చు. కాబట్టి తీసేశాక కొత్తదాన్ని మళ్లీ ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నిశ్చింత.

ప్రింటర్ డ్రైవర్ ఫోల్డర్‌లోనో, ఇంకేదో సాఫ్ట్‌వేర్ లోపలో 7జెడ్ పేరుతో చిన్న ఫైలు దొరకొచ్చు. దాన్ని డిలీట్ చేయకండి, ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను దాని సైటు నుంచే అప్‌డేట్ చేయాలి. మీరు తీసేయాల్సింది ఎవరో కాపీ చేసి పడేసిన పోర్టబుల్ ఫోల్డర్లు, "సాఫ్ట్‌వేర్స్" ఫోల్డర్‌లోని పాత ఇన్‌స్టాలర్లు. ఆ ఇన్‌స్టాలర్లు వదిలేస్తే రేపు ఫార్మాట్ కొట్టినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ వాటినే వేస్తారు.

6. డబుల్ క్లిక్ చేస్తే ఏది తెరుచుకుంటోంది?

ఏదో ఒక రార్ ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. ఓపెన్స్ విత్ ఎదురుగా ఉన్న పేరు చూసి, చేంజ్ నొక్కి కొత్తదాన్ని ఎంచుకోండి. జిప్‌కు ఒకసారి, 7-జిప్ సొంత రకమైన 7జెడ్ ఫైలుకు ఒకసారి ఇదే చేయండి. ఒకే సిస్టమ్‌లో ఇద్దరు ముగ్గురికి వేర్వేరు లాగిన్‌లు ఉంటే ప్రతి లాగిన్‌లోనూ చూడాలి.

7. 7-జిప్‌లో ఒక్క సెట్టింగ్ మార్చండి

నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ కనపడని ముద్ర ఒకటి వేస్తుంది. ఆ ముద్ర ఉంటేనే వర్డ్ ఫైలు తెరిచినప్పుడు పైన పసుపు పట్టీ వచ్చి ప్రొటెక్టెడ్ వ్యూలో ఆగుతుంది. జిప్‌కు ఆ ముద్ర ఉన్నా, విప్పిన ఫైళ్లకు దాన్ని 7-జిప్ అందించదు. మనం అడిగితేనే అందిస్తుంది.

7-జిప్ ఫైల్ మేనేజర్‌లో టూల్స్, ఆప్షన్స్ తెరిచి, 7-జిప్ అనే ట్యాబ్‌లో ప్రొపగేట్ జోన్ ఐడీ స్ట్రీమ్ దగ్గర చూడండి. నో అని ఉంటుంది. ఆఫీసు సిస్టమ్‌లకు నేను యస్ పెడతాను. వేల ఫొటోలు విప్పే స్టూడియోలకు ఫర్ ఆఫీస్ ఫైల్స్ చాలు. ఇది కూడా లాగిన్ లాగిన్‌కూ విడిగా పెట్టాలి.

24.09కి ముందు వెర్షన్‌లలో ఈ సెట్టింగ్ పెట్టినా పూర్తి లాభం ఉండేది కాదు. జిప్ లోపల ఇంకో జిప్ పెట్టి పంపితే లోపలిదానికి ముద్ర అందేది కాదు. ఆ సందు పట్టుకుని ఉక్రెయిన్ సంస్థల మీద దాడులు కూడా చేశారు. 24.09లో దాన్ని సరిచేశారు.

8. పనిచేస్తోందో లేదో చూడండి

మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. ఏదైనా వర్డ్ ఫైలును జిప్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. క్రోమ్‌లో డౌన్‌లోడ్ చేసి, సీ డ్రైవ్‌లోనే కొత్త ఫోల్డర్‌లో 7-జిప్‌తో విప్పండి. విప్పిన ఫైలు ప్రాపర్టీస్‌లో కింద "ఈ ఫైలు వేరే కంప్యూటర్ నుంచి వచ్చింది" అన్న అర్థంతో ఇంగ్లీషు వాక్యం, పక్కన అన్‌బ్లాక్ పెట్టె ఉంటే సెట్టింగ్ పట్టింది.

లేదంటే సాధారణంగా కారణం మూడింటిలో ఒకటి. విప్పింది పెన్‌డ్రైవ్ మీదైతే అక్కడ ఆ ముద్ర నిలవదు, ఎందుకంటే చాలా పెన్‌డ్రైవ్‌ల ఫార్మాట్‌కు దాన్ని మోసే శక్తి లేదు. లేదా డబుల్ క్లిక్‌లో ఇంకా పాత కాపీయే తెరుచుకుంటోంది, ఆరో మెట్టుకు వెళ్లండి. లేదా సెట్టింగ్ మార్చి ఓకే నొక్కకుండా విండో మూసేశారు. నవ్వొస్తుంది కానీ ఎక్కువసార్లు ఇదే.

ఇన్ని మెట్లు ఎక్కలేమంటే ఒక దారి ఉంది. విండోస్ 11లో 2023 చివరి నుంచి రార్, 7జెడ్ ఫైళ్లను విండోసే తెరుస్తుంది, దాని మరమ్మతులు విండోస్ అప్‌డేట్‌తోనే వస్తాయి. నెలకు రెండు జిప్‌లు విప్పే ఇంటి సిస్టమ్‌కు ఇది చాలు, విన్‌రార్ అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. పాస్‌వర్డ్ పెట్టిన రార్, 7జెడ్ ఫైళ్ల దగ్గర మాత్రం అది చేతులెత్తేస్తుంది.

ఉబుంటు వాడే యూనివర్సిటీ పిల్లలు సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ నడిపితే సరిపోతుంది. మీ లైనక్స్ లోకంలో ఒక తిరకాసు కూడా జరిగింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్‌లలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని బయటపడింది. అంటే అక్కడ పాతదే మంచిది, కొత్తదే చెడ్డది! ఉబుంటు మామూలు విడుదలల్లోకి అది చేరలేదు. చేత్తో వేసుకున్నవాళ్లు మాత్రం ఆ రెండు అంకెలు ఉన్నాయేమో చూసుకోండి.

అప్‌డేట్ చేశాక కూడా రెండు అలవాట్లు ఉంచుకోండి. ఆర్కైవ్ లోపలి ఫైలును అక్కడే డబుల్ క్లిక్ చేయకుండా ముందు ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి విప్పండి. 2023లో 6.23 వెర్షన్‌తో సరిచేసిన విన్‌రార్ లోపం సరిగ్గా ఆ డబుల్ క్లిక్‌నే వాడుకుంది. లోపల ఫొటో అనుకుని నొక్కితే, అదే పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని స్క్రిప్టు నడిచేది. రెండోది, పాస్‌వర్డ్ పెట్టిన జిప్ వచ్చి, ఆ పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్‌లో రాసి ఉంటే పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. పాస్‌వర్డ్ ఉన్న ఫైలు లోపలికి మెయిల్ స్కానర్ చూడలేదు, దొంగలకు కావాల్సింది అదే.

9. ఇప్పటికే ఏదైనా దూరిందేమో?

పాత విన్‌రార్‌తో ఎవరివో ఫైళ్లు చాలా విప్పి ఉంటే ఇది తప్పకుండా చేయండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. స్టార్టప్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. చాలా సిస్టమ్‌లలో అది ఖాళీగానో, ఒకటి రెండు తెలిసిన పేర్లతోనో ఉంటుంది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ కూడా చూడండి.

తెలియని పేరు కనిపించగానే టెన్షన్ పడి దాన్ని నొక్కి చూడకండి. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. వైఫై ఆపేయండి, వైరు ఉంటే పీకేయండి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ తనే రీస్టార్ట్ అయి వెతుకుతుంది. ఈలోగా మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ సిస్టమ్‌లో కాకుండా మీ ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలోంచి డబ్బు కదిలిందని తెలిస్తే నా కొట్టుకు రావడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.